పైరవీ కూడా వృత్తేనా?

సమ్మా ఆజీవం గురించి మాట్లాడేటప్పుడు బుద్ధుడు ఉపాసకులకు వద్దన్న ఐదు వ్యాపారాలు చెప్పుకుని ఆగిపోతాం. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. మరి పరిచయాన్ని అమ్ముకోవడం ఆ జాబితాలో లేదు కదా, చేయొచ్చా?

అమెరికా సంగతి చూడండి. వాషింగ్టన్‌లో సెనేటర్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన సహాయకుడికి బిల్లు ఎలా రాస్తారో, ఏ కమిటీలో ఎక్కడ ఆగుతుందో కొట్టినపిండి. ఒకరోజు ఆ ఉద్యోగం మానేసి లాబీయింగ్ సంస్థలో చేరతాడు. నిన్న ఏ చట్టం మీద పనిచేశాడో, ఇవాళ ఆ చట్టం తగిలే కంపెనీల తరఫున మాట్లాడతాడు. మన దగ్గర దీన్ని పైరవీ అంటాం. అక్కడ రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఫీజు లెక్క చూపాలి.

"అతని తెలివి, అతని కష్టం, అమ్ముకుంటే తప్పేముంది?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంటిల్లిపాదీ ఒక్క జీతం మీద బతికే మనవాళ్లకు, పెద్ద జీతం వద్దనుకోమని చెప్పడం నాకూ తేలిక కాదు. పైగా ప్రభుత్వానికి మొర పెట్టుకోవడం అందరి హక్కు. కార్మిక సంఘాలూ లాబీయింగ్ చేస్తాయి.

కానీ అమ్ముడయ్యేది నిజంగా తెలివేనా? ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కలు తీసి 2012లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ప్రచురించారు. తాము పనిచేసిన సెనేటర్ పదవి దిగిపోగానే ఈ మాజీ సహాయకులు తెచ్చే ఆదాయం 24 శాతం పడిపోయింది. మనిషి మారలేదు, చదువు తగ్గలేదు. మరి పోయిందేమిటి? ఆ గుమ్మంలో ఉన్న చనువు. ఆ గుమ్మం ఓటర్లు కట్టింది. వాళ్లు అతనికి దాన్ని రాసివ్వలేదు. ఇవ్వనిది తీసుకోను అని రెండో శీలంలో రోజూ అంటున్నాం కదా, అది ఇక్కడ వర్తించదా?

2007లో అమెరికా ఒక చట్టం చేసింది. సెనేట్‌లోని సీనియర్ సిబ్బంది ఉద్యోగం వదిలాక ఏడాదిపాటు సెనేట్‌లో ఎవరి దగ్గరా లాబీయింగ్ చేయకూడదు. తెర వెనక సలహా ఇవ్వడానికి మాత్రం అడ్డు లేదు! చట్టం ఏడాది లెక్కపెట్టేది కుర్చీ వదిలాక. చేతనే కమ్మ అన్నాడు బుద్ధుడు. అదేమో ఇంకా కుర్చీలో ఉండగానే, రేపు ఉద్యోగమిచ్చే కంపెనీకి నొప్పి తగలకుండా బిల్లులో ఒక మాట మెత్తబరిచిన సాయంత్రమే మొదలై ఉంటుంది.