వేడుకకై మార్చిన ప్రాణి

గాజుతొట్టిలో ఎఱ్ఱగను పచ్చగను మెఱయు చిన్నచేపలు కొన్ని దేశములలో ఇండ్లకు అలంకారములైనవి. ఆ రంగు పూసినది కాదు, పుట్టుకతో వచ్చినది. మన దేశపు వాగులలోనిదే యగు జీబ్రాచేప యండమున, జెల్లీచేపయొక్క కాంతినిచ్చు జన్యువును 1999 ప్రాంతమున సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయమువారు చొప్పించిరి. నీటిలోని మాలిన్యమును వెలుగుచే తెలుపు చేపను చేయవలెనని వారి సంకల్పము. అంగడి దానిని వేఱొకదారి పట్టించెను. 2003వ సంవత్సరాంతమున గ్లోఫిష్ అను పేర అమెరికాలో విక్రయమునకు వచ్చినది. కేవలము కంటివేడుకకై ప్రాణి పుట్టుకనే మార్చుట తగునా?

తగదని వ్రాయుటకే కలము పట్టితిమి. కాని మా సీమ మమ్ము ఆపినది.

హిందూపురము పట్టుగూళ్ల సంతకు ప్రసిద్ధము. చెంతనే కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశోధన సంస్థ కలదు. అచటి శాస్త్రజ్ఞులును, హైదరాబాదులోని డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రమువారును గూడి, గ్రాసరీ తెగులును దెచ్చు వైరసును తట్టుకొను పట్టుపురుగులను జన్యుమార్పిడిచే సాధించి 2013లో ప్రకటించిరి. ఇట్టి పరిశోధనలలో మాఱిన పురుగును గుర్తించుటకు తఱచు ఆనవాలుగ వాడునది వెలుగు జన్యువే. తెగులు తగిలిన రైతు పురుగులనన్నిటిని పాఱబోసికొనును. అప్పు మాత్రము మిగులును. అతనికై చేసిన మార్పును వేడుకతో సరితూచరాదనుకొంటిమి.

అయితే తెగులునుండి కాపాడిన యా పురుగు గతి యేమి? పట్టుచిలుక వెలువడినచో గూటికి తూటు పడి దారము తెగునని, ప్రాణి లోపలనుండగనే ఉడికింతురు. ఒక్క చీరకు వేలకొలది గూళ్లు కావలెను. వేలయేండ్ల పెంపకమున ఆ చిలుక యెగురుటయే మఱచినది. అందులకు ప్రయోగశాల యేదియు అక్కఱలేకపోయెను.

హిందూపురమున రైలెక్కి ధర్మవరమునకు బోవు దారిలో పెనుకొండ తగులును. అచట జైనుల పార్శ్వనాథాలయ మున్నది. గూళ్ల సంతకును చీరల మగ్గములకును నడుమ అహింసావ్రతుల గుడి యుండుట యాదృచ్ఛికమే. అయినను ఆ స్టేషను వచ్చినపుడెల్ల మనసు కలుక్కుమనును. హైదరాబాదువాసి కుసుమ రాజయ్యగారు చిలుక వెడలిపోయిన గూళ్లతో అహింసాపట్టు నేయించిరి. దానికి మెఱుగు కొంత తక్కువ. ఆ కొంత మెఱుగుకై దానిని కాదనువారమే పెక్కుమందిమి.

ఇక చేపను నిందించు అర్హత మాకు కలదా? కలదనియే తలచుచున్నాము, మునుపటి ధీమాతో మాత్రము కాదు. పట్టును నేడు మానుమన్నచో ధర్మవరమున ఎన్ని పొయ్యిలు చల్లాఱునో యెఱుగుదుము. వెలుగుచేపపై మన సీమలో ఏ మగ్గమును ఇంకను ఆధారపడలేదు. ఒకమాఱు బ్రతుకుతెరువైన వేడుకను ఆపుట యెంత దుష్కరమో పట్టువలన ఎఱిగినవారము మనమే. పైగా తొట్టి విడిచిన యీ చేపలు బ్రెజిల్ వాగులలో సంతానోత్పత్తి చేయుచున్నవని 2022లో వెల్లడియైనది. అచట వానికి బంధువులు లేరు. మన వాగులలో కలరు.