కేసీ కాలువ గట్టున నెలాఖరు లెక్క

కర్నూలులో కేసీ కాలువ గట్టు మీద సాయంత్రం నడక ఒక రిటైర్డు హెడ్మాస్టరుకు ఏళ్లనాటి అలవాటు. ఆ రోజు వెంట మేనకోడలు కూడా బయల్దేరింది. బ్యాంకు ఉద్యోగి. కడప బ్రాంచి నుంచి బదిలీ మీద వచ్చింది. ఒక్క నెలలోనే ఇల్లు మారింది, పిల్లాడి బడి మారింది, అత్తగారి మోకాలి ఆపరేషనూ అప్పుడే వచ్చి పడింది. ఆమె చేతి డైరీలో ఉగాదినాడు రాసుకున్న మూడు తీర్మానాలు, వాటి కింద రోజుకొక గడి: పొద్దున నడక, రాత్రి పది పేజీల చదువు. మూడోది నెలకొకసారే, పిల్లాడి పేర ఆర్డీ (రికరింగ్ డిపాజిట్).

‘‘బదిలీ ఆర్డరు వచ్చేదాకా అన్నీ టిక్కులే మామా. ఆ తర్వాత చూడు, పేజీ పేజీ ఖాళీ.’’

‘‘ఖాళీ అంటే ఏమని లెక్క?’’

‘‘చేయలేదని.’’

‘‘చేయడానికి వీల్లేక చేయలేదా? చేయబుద్ధి కాక చేయలేదా? రెండిటికీ ఒకటే ఖాళీ గడి పెట్టినావు.’’

ఆమె ఒప్పుకోలేదు. ‘‘వాయిదా కట్టనోళ్లందరూ ఇదే మాట చెప్తారు మామా. కారణం ఏదైనా బాకీ బాకీనే.’’

‘‘బాకీనే, కాదన్నానా? మరి కరువు మండలమని ప్రకటిస్తే పంట రుణం ఏం చేస్తారు మీరు?’’

‘‘రీషెడ్యూల్ చేస్తాం.’’

‘‘అంటే మాఫీ కాదు. అసలు అట్లే ఉంటాది, గడువు జరుగుతాది. ఇల్లు మారిన నెలకూ అంతే.’’

ఆయన మాటకు పరిశోధనల దన్నూ ఉంది. కొత్త యూనివర్సిటీకి మారిన విద్యార్థుల అలవాట్లను అమెరికాలో వెండీ వుడ్ బృందం గమనించింది. వ్యాయామం, పేపరు చదవడం, టీవీ చూడడం పరిశీలించారు. పరిసరాలు పాతవాటిలాగే ఉన్నచోట అలవాట్లు నిలిచాయి. అవి మారినచోట పాత అలవాటు పట్టు సడలింది, ఆ పని చేయాలా వద్దా అన్నది మళ్లీ మనిషి ఉద్దేశం చేతికి వచ్చింది. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలిస్తే, అలవాటు కుదురుకోవడానికి ఒకరికి 18 రోజులు, మరొకరికి 254 రోజులు పట్టేలా తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం కనిపించలేదు.

ఆమె మాత్రం బ్యాంకు మనిషి. పట్టు వదల్లేదు. ‘‘కరువని ప్రకటించేది ప్రభుత్వం. రీషెడ్యూల్ చేసేది బ్యాంకు. నా డైరీలో బాకీదారూ నేనే, మేనేజరూ నేనే. రోజుకొక కరువు ప్రకటించుకుంటే అడిగేదెవరు?’’

హెడ్మాస్టరు కొంత దూరం మాట్లాడకుండా నడిచాడు. ‘‘చిక్కంతా అక్కడే ఉండాది. అందుకే ఏ రోజు కారణం ఆ రోజే రాయాల. నెలాఖరులో కూర్చుంటే అన్నీ గొప్ప కారణాలే తోస్తాయి. ఇంకోటి, గడువుతో పాటు అసలు కూడా కరిగిపోతా ఉందా అని చూసుకోవాల. మీ కడప బ్రౌన్‌నే చూడు.’’

కడప యర్రముక్కపల్లెలో బ్రౌన్ బంగళా ఉన్న చోటనే ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం ఉంది. 1820లో కడపకు వచ్చినప్పుడు ఇంగ్లీషు అధికారి సి.పి.బ్రౌన్‌కు తెలుగు అంతంతమాత్రం. కొన్నేళ్లకే బందరు బదిలీ. 1824లో వేమన సంగతి తెలిసింది అక్కడున్నప్పుడే. 1829లో ఆ పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1834లో ఉద్యోగం పోయి లండన్ చేరితే, అక్కడి ఇండియా హౌస్‌లోనూ తెలుగు రాతప్రతులే వెదికాడు. ఆయన తెలుగు నిఘంటువు 1852లో వచ్చింది. బదిలీ అయిన ప్రతిసారీ చేసే పని మారింది గానీ తెలుగు మీద పట్టు సడలలేదు.

‘‘అసలే తప్పని తేలితే?’’ అంది ఆమె.

ఆయన పక్కనున్న కాలువ చూపించాడు. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా దీన్ని తవ్వించింది సాగుకూ, పడవలకూ కూడా. కంపెనీ అనుకున్న లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. తర్వాత పడవలు ఆగిపోయాయి, నీళ్లు మాత్రం పారుతున్నాయి.

‘‘అంటే కంపెనీ గెలిచినట్టా?’’

‘‘యాడ గెలిచింది? కంపెనీ లెక్కలో అది నష్టమే, నష్టమనే రాయాల. నీళ్లు పారుతుండేది వేరే ఖాతా. ఈ ఖాతా చూపించి ఆ నష్టం మాపుకోకూడదు.’’

ఆమె గట్టు మీదే ఆగి డైరీ తెరిచింది. ఆర్డీ జీతం ఖాతాలోంచి తనంతట తానే కట్ అవుతుంది కనుక ఒక్క నెలా తప్పలేదు. అత్తగారికి పొద్దున వ్యాయామాలు చేయించాలి కాబట్టి నడకను సాయంత్రానికి మార్చి, పక్కన కారణం, తేదీ వేసింది. చదువు దగ్గర పెన్ను ఆగింది. కడపలో పెట్టిన టిక్కులు సగం పేజీలు తిప్పినందుకే అని మామతో చెప్పేసి, ఆ వరుసను అడ్డంగా కొట్టేసింది. ‘నష్టం’ అని కూడా రాసింది.

బదిలీలు, బడుల మార్పులు ముసురుకునే జూన్, జూలైలలో ఉగాది తీర్మానాల లెక్క చూసుకునే పాఠకులు గడి పక్కన కారణానికి కాస్త చోటు వదలండి. వాయిదా వేసినదాన్నీ, వదిలేసినదాన్నీ ఒకే గుర్తుతో కలిపేయకండి.