లాభమును బుద్ధియు

వ్యాపారమున లాభము వచ్చినవానిని లోకము బుద్ధిమంతుడనును, నష్టపోయినవానిని తెలివితక్కువవాడనును. మనుష్యులను తూచుటకు ఇంతకంటె సులువైన త్రాసు లేదు. ఇంతకంటె తప్పుడు త్రాసు కూడ లేదు. ఏలనన, వచ్చిన లాభము చిట్టాలో కనిపించును. ఆ లాభమునకై వర్తకుడు ఏ అపాయమును నెత్తికెత్తుకొన్నాడో అది ఏ చిట్టాలోను కనిపించదు.

బొంబాయిలో 1861 మొదలు 1865 వరకు జరిగిన సంగతి చూడుడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలైనది. ఉత్తరాదివారి యుద్ధనౌకలు దక్షిణాది రేవులను మూసివేసినవి. లాంకషైరు మిల్లులకు అమెరికా ప్రత్తి రాక తగ్గిపోగా, ఇంగ్లీషు వర్తకులు మన దేశపు ప్రత్తికై ఎగబడిరి. గుంటూరు సీమ ప్రత్తి కాకినాడ రేవున విరివిగా ఓడలకెక్కిన కాలమదియే. అయితే ధనము కుప్పలుగా పడినది బొంబాయిలో.

పడిన ధనము ఊరకుండునా? క్రొత్త బ్యాంకులు, క్రొత్త కంపెనీలు, సముద్రమును పూడ్చి నేల తీసెదమను కంపెనీలు పుట్టుకొని వచ్చినవి. బ్యాక్‌బే పూడిక కంపెనీలో 5,000 రూపాయల షేరు 50,000 వరకు ప్రాకినది. ఈ సందడికి నడుమ నిలిచినవాడు సూరతునుండి వచ్చిన జైన వర్తకుడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. ఆయన మాట బొంబాయి బ్యాంకులో చెల్లెడిది. 1863 నాటి క్రొత్త చట్టము షేర్ల తాకట్టుపై అప్పిచ్చుటకు ఆ బ్యాంకునకు వీలు కల్పించినది. షేరు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుట, ఆ అప్పుతో మరియొక షేరు కొనుట, దానిని మరల తాకట్టు పెట్టుట. ధర పెరుగుచున్నంతకాలము ఇందరును మేధావులే.

ఒక వర్తకుడు బ్యాంకు షేర్లు కొన్ని, పూడిక కంపెనీ షేర్లు కొన్ని, ప్రత్తి బేళ్లు కొన్ని ఉంచుకొని, తన సొమ్ము పదిచోట్ల భద్రముగా నున్నదనుకొనెను. పది మేకులకు పది సంచులు తగిలించితిననుకొనెను గాని, ఆ మేకులన్నియు ఒకే గోడకు కొట్టినవని చూడలేదు. ఆ గోడ పేరు అమెరికా యుద్ధము.

1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ లొంగిపోయెను. ఆ వార్త సముద్రములు దాటి వచ్చినంతనే ప్రత్తి ధర కూలినది. జులై 1న వాయిదా బేరములు తీర్చవలసిన దినము వచ్చినది, తీర్చగలవారు కొద్దిమందియే. 2,850 రూపాయలు పలికిన బొంబాయి బ్యాంకు షేరు 87 రూపాయలకు దిగినది. 1868లో ఆ బ్యాంకే మూతపడినది.

ఇప్పుడిద్దరు వర్తకులను ఊహింపుడు. ఇద్దరును ఒకే ధరకు, ఒకే నమ్మకముతో షేర్లు కొనిరి. మొదటివాడు కుమార్తె పెండ్లి ఖర్చులకై మార్చిలో అమ్మివేసెను. రెండవవానికి పెండ్లి కావలసిన కుమార్తె లేదు. మొదటివాడు ఊరిలో దూరదృష్టి కలవాడై, పదిమందికి సలహాలు చెప్పుచు గౌరవముగా బ్రతికెను. రెండవవాడు దివాలాకోరు. ఇద్దరి బుద్ధిలో వెంట్రుకవాసి భేదము లేదు. పెండ్లి ముహూర్తము చేసిన పనిని మొదటివాడు తన తెలివి ఖాతాలో వ్రాసుకొనెను. ఆ సలహాలు విన్న పదిమంది గతి ఏమైనదో అడిగినవారు లేరు.

లాభాంతరాయ కర్మము సడలినందున లాభము కలిగినదని మనవారందురు. ఆ మాట వర్తకుని గర్వము అణచుటకు మంచిదే. కాని అదే మాటను కొందరు మరియొక పనికి వాడుదురు. నష్టము వచ్చినప్పుడు, అది పూర్వకర్మఫలము, నా చేతిలో ఏమున్నదని చేతులు దులుపుకొందురు. తన సొమ్మే పోయినచో ఆ సమాధానము చాలును. వడ్డీ వచ్చునని నమ్మి వర్తకుని వద్ద సొమ్ము దాచుకొన్న విధవరాలికి అది చాలదు. ఆమె అడుగునది కర్మసిద్ధాంతము కాదు; నా సొమ్మును ఏ మేకుకు తగిలించితివి, ఆ గోడను తట్టి చూచితివా అని. గోడ నిలిచి, వడ్డీతో సహా ఆమెకు ముట్టినను, తట్టి చూడనివాని తప్పు తప్పే. ముట్టినది గనుక ఎవరును అడుగరు, అంతే.

ప్రేమ్‌చందు కూడ కూలినవారిలో నొకడు. అయితే మరల లేచి వ్యాపారము సాగించి, 1906 వరకు జీవించెను. ఆయన 1864లో బొంబాయి విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయము కొరకు 2 లక్షలు, తల్లి రాజాబాయి పేర గడియార స్తంభము కొరకు మరి 2 లక్షలు ఇచ్చెను. ఉంచుకొన్నది పోయినది, ఇచ్చినది నిలిచినదని చెప్పుట పరిపాటి. వినుటకు బాగున్నది. కాని ఆ దానము సంవత్సరము ఆలస్యమైయుండిన, ఇచ్చుటకేమి మిగిలెడిది? దానము నిలుచుటలోను తేదీకి పాలున్నది. ఆ స్తంభము 1878లో పూర్తియైనది. సూర్యాస్తమయమునకు ముందే భుజించు నియమము గల ఆ తల్లికి చూపు లేదనియు, గంట విని వేళ తెలిసికొనెడిదనియు ఇప్పటికిని చెప్పుకొందురు.