సైకిల్ మీద ప్రదక్షిణం

బండ్లు తిరగని మొరం బాట దొరికితే సగం మోక్షం దొరికినట్టేనని నాతో సైకిల్ తొక్కే కుర్రాళ్ళు అంటుంటారు. నాకు ఆ మాట మీద గురి లేదు. మా అమ్మకైతే అసలు సైకిల్ మీదే గురి లేదు. "గుట్ట సుట్టు తిరుగుడంటే కాళ్ళతోటి నడుసుడు బిడ్డా. సైకిల్ మీద కూసోని తిరిగితే పున్నెం నీకొస్తదా, సైకిల్‌కొస్తదా?" అంటుంది. ఎనభై దాటిన మనిషి, నవ్వులాటకు అన్న మాట కాదు. ఆదివారం పొద్దున కీసర గుట్ట నుంచి తిరిగొచ్చినప్పుడల్లా నేను జవాబు చెప్పుకోవాల్సిందే.

నాచారం పారిశ్రామికవాడలో నాకు చిన్న లేత్ షాపు ఉంది. ఆరు రోజులు ఇనుము చప్పుడు, ఆ పైన రోడ్డు చప్పుడు. ఉప్పల్ రింగురోడ్డు సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2017లో మెట్రో వచ్చింది, 2023లో నడిచేవాళ్ళకు స్కైవాక్ వచ్చింది. 2018లో మొదలుపెట్టిన నారపల్లి ఫ్లైఓవర్ పని మాత్రం ఏళ్ళకేళ్ళు సాగి వరంగల్ రోడ్డును దుమ్ముకు అప్పగించింది. సైకిళ్ళకని విడిగా వేసిన దారి పడమటి దిక్కున ఉంది. ఔటర్ రింగురోడ్డు పక్కన, సోలార్ పలకల నీడన, 23 కిలోమీటర్లు. ఆ నీడ మా దాకా రాలేదు. అందుకని తూర్పువాళ్ళం మల్లాపూర్, ఈసీఐఎల్, నాగారం మీదుగా కీసర బాట పడతాం. తెల్లారకముందే బయల్దేరితే లారీలు లేచేలోపు గుట్ట కనిపిస్తుంది.

కీసర అడవి అనగానే నల్లమలను ఊహించుకోవద్దు. బండరాళ్ళు, ముళ్ళ తుప్పలు, సీతాఫలం, మోదుగ, తంగేడు. ఎండాకాలంలో అంతా ఎండు గడ్డి రంగే. ఎర్ర మొరం మీద పాత బండ్ల బాటలు, మేకల బాటలు గుట్టల నడుమ మెలికలు తిరిగి పోతుంటాయి. నాది లావు టైర్ల గ్రావెల్ బైకు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. తారు మీద గట్టిగా ఉండే గాలి, మొరం మీదికి రాగానే కొంచెం వదలాలి. అప్పుడే టైరు రాయిని పట్టుకుంటుంది. ఎక్కుడులో లేచి నిలబడి తొక్కావా, వెనక చక్రం ఉత్తగా తిరిగి మొరం చిమ్ముతుంది. సీటు మీదే బరువు ఉంచి, చూపు ముందు చక్రం మీద కాకుండా పది అడుగుల అవతల నిలిపి మెల్లగా తొక్కాలి. దిగుడులో ముందు బ్రేకు గట్టిగా పట్టావో, మోచేతుల తోలు అక్కడే వదిలేసి వస్తావు.

కుర్రాళ్ళు ధ్యానం అనేది దీన్నే. ఆ ఎక్కుడులో మనసుకు ఇంకో ఆలోచన రాదు, నిజమే. కానీ అది పడతానన్న భయం వల్ల కుదిరిన ఏకాగ్రత. ధ్యానమైతే బాట చదును కాగానే ఎటు పోయింది? చదును రాగానే జీఎస్టీ రిటర్ను, నాలుగు నెలలుగా బిల్లు కట్టని పార్టీ, మానేస్తానంటున్న టర్నరు, అందరూ వరసగా వచ్చేస్తారు. అడవిలో అడ్డొచ్చే బండి ఒక్కటీ లేదు కదా, ఉప్పల్‌లోకన్నా వేగంగా వస్తారు.

భాగవతం పంచమ స్కంధంలో ప్రియవ్రతుడి కథ ఉంది. పోతన గారిది కాదు, తెలుగులో ఆ స్కంధం గంగన రాసింది. మనువు కొడుకు ప్రియవ్రతుడు నారదుడి దగ్గర చేరి, రాజ్యం వద్దని కూర్చుంటాడు. బ్రహ్మ దిగివచ్చి నచ్చజెబుతాడు. ఇంద్రియాలు లొంగనివాడికి అడవిలోనూ భయమే, లోపలి శత్రువులు ఆరుగురూ వాడి వెంటే వస్తారు, లొంగినవాడిని ఇల్లు ఏమీ చేయలేదు అంటాడు. ప్రియవ్రతుడు తిరిగి వెళ్ళి రాజ్యం ఏలతాడు. అంతటితో ఊరుకోలేదు. సూర్యుడు భూమికి ఒక పక్కే వెలుగు ఇస్తున్నాడు, రెండో పక్క రాత్రి ఎందుకుండాలని రథమెక్కి సూర్యుడి వెంటబడి మేరువు చుట్టూ ఏడు సార్లు తిరిగాడట. ఆ రథచక్రాలు కోసిన గాళ్ళే ఏడు సముద్రాలయ్యాయని పురాణం.

సైకిల్ తొక్కేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? కొండ చుట్టూ చక్రాల మీద తిరిగినవాడు పురాణంలోనే ఉన్నాడు. అమ్మకు ఈ కథ చెప్పాను. "ఆయన పున్నానికి తిరిగిండా, పంతానికి తిరిగిండా?" అంది. పంతానికే. సూర్యుణ్ణి మించాలని తిరిగాడు. ఆ తర్వాత ఆ ప్రియవ్రతుడే తన బతుకు మీద తనకే రోత పుట్టి, రాజ్యం కొడుకులకు పంచి వెళ్ళిపోయాడు. అంటే బ్రహ్మ చెప్పిన మాట దగ్గర పురాణం ఆగలేదన్నమాట. ఇంటికి పొమ్మన్న కథే చివరికి ఇల్లు విడిపించింది. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడం నా వల్ల కాదు, కుదర్చాలనీ లేదు.

కీసరగుట్ట కథ మా చర్చకు ఇంకా దగ్గరగా ఉంటుంది. రావణుణ్ణి చంపిన దోషం పోవడానికి రాముడు ఇక్కడ లింగప్రతిష్ఠ తలపెట్టి, లింగం కోసం హనుమంతుణ్ణి కాశీకి పంపాడంటారు. ముహూర్తం ముంచుకొచ్చింది, హనుమంతుడు రాలేదు. శివుడే ప్రత్యక్షమై లింగం ఇస్తే ప్రతిష్ఠ జరిగిపోయింది. నూటొక్క లింగాలతో వచ్చిన హనుమంతుడు అలిగి వాటిని చెల్లాచెదురుగా విసిరేశాడు. గుడి బయట బండల మీద, ఎండలో వానలో ఉన్న లింగాలు అవేనని జనం నమ్మకం. రాముడు ఆయన్ని ఊరడించి, తండ్రి కేసరి పేరు ఈ గిరికి పెట్టాడట. చరిత్రకారులకు ఇది విష్ణుకుండినుల చోటు, ఇటుక కట్టడాలు తవ్వకాల్లో బయటపడ్డాయి. నన్ను పట్టుకున్నది మాత్రం ఒక్కటే సంగతి. రామాయణంలో అందరికన్నా వేగం ఉన్నవాడు ఆలస్యమయ్యాడు. ఆలస్యంగా వచ్చిన ఆ లింగాల మీద కూడా భక్తులు నీళ్ళు పోసి మొక్కుతూనే ఉన్నారు.

గిరి చుట్టూ నిండు నెలల గర్భిణి నడిచినట్టు నడవాలని అరుణాచలంలో పెద్దలు చెబుతారు. పద్నాలుగు కిలోమీటర్లు. పౌర్ణమికి మన ఆర్టీసీ కూడా ప్రత్యేక బస్సులు నడుపుతోంది. అమ్మ ఒకసారి వెళ్ళొచ్చింది. మోకాళ్ళు సహకరించక ఆటోలో తిరిగింది. అది ప్రదక్షిణం ఎట్లా అయిందని అడిగితే, "నాకు చాతగాదని స్వామికి ఎరుకే. నీకు చాతనైతది గద?" అంది. ఈ తర్కానికి నా దగ్గర ఎదురు లేదు. ఒక్కటి మాత్రం తేలింది, చక్రం దోషం కాదు.

ఇంకో చిక్కుంది. గుట్ట చుట్టూ పూర్తిగా తిరిగి రావడం నాకు కుదరదు. అటవీశాఖ కంచె వచ్చిన చోట వెనక్కి మళ్ళాల్సిందే. దీనికి మాత్రం అమ్మ దగ్గర వెంటనే జవాబుంది. శివాలయంలో అభిషేకం నీళ్ళు బయటికి పోయే సోమసూత్రం దాటరు, అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరుగుతారు. శివుడికి ఆ సగం చుట్టే చాలు.

మరి దోషం ఎక్కడుంది? నా లెక్కలో ఫోనులో ఉంది. స్ట్రావా యాప్ తెరిస్తే ఏ ఎక్కుడు ఎవరు ఎన్ని సెకన్లలో ఎక్కారో పట్టిక ఉంటుంది. ఆ పట్టిక కోసం తొక్కేవాడికి గుట్ట కుడివైపున్నా ఎడమవైపున్నా ఒకటే. ప్రదక్షిణంలో మధ్యలో ఉన్నది దేవుడు, చుట్టూ తిరిగేది మనం. పందెంలో మధ్యకు మనమే వచ్చి కూర్చుంటాం.

బండ్లు తిరగని బాట అన్న మాటలోనూ ఒక పొరపాటు ఉంది. బండ్లు లేవు గానీ మనుషులు లేరా? ఆ బాట నా కోసం ఎవరూ వేయలేదు. మేకలు కాసేవాళ్ళ కాళ్ళకు, ఎడ్లబండ్లకు, పుల్లలేరుకునే ఆడవాళ్ళకు పడ్డ బాట అది. మలుపులో మేకలమంద ఎదురైతే బ్రేకు వేసి పక్కకు దిగాలి. చివరి పిల్ల దాటేదాకా నిలబడాలి. కాసే ముసలాయన కర్ర ఎత్తి "పో బిడ్డా" అన్నాకే ఎక్కాలి. పట్టికలో ఆ రెండు నిమిషాలు నష్టం. ఉప్పల్ చౌరస్తాలో ఎవడూ ఎవడికీ ఇవ్వని రెండు నిమిషాలు అవి. దిగి నిలబడ్డ ఆదివారం నాది ప్రదక్షిణమే అని అమ్మతో అంటాను, దిగని ఆదివారం వ్యాయామం. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. "ఎట్లాగూ దిగినవు గద, ఇగ నడువు" అంటుంది.

కీసర వైపు వచ్చే సైకిల్ వాళ్ళకు ఒక మనవి. శివరాత్రి జాతర రోజుల్లో ఆ బాటలు నడిచేవాళ్ళవి, సైకిళ్ళు ఇంట్లో పెట్టి రండి. మిగతా రోజుల్లో బెల్లు లేకుండా రావద్దు. బరువని పీకేస్తున్నారు, అది ఎంత బరువుంటుందని?