విలంబిత కర్మమునకు కర్త యెవడు?

చేసిన కర్మము చేసిన క్షణముననే నశించుచుండగా, దాని ఫలము మాత్రము చిరకాలమునకు గాని సిద్ధింపకుండుట చూచి, ఈ రెంటి నడుమ నిలిచి యుండున దేమి యని మన పూర్వులు మిక్కిలి మథనపడిరి. హోమాగ్ని చల్లారిన పిదప యజమానునకు స్వర్గమును సమకూర్చునది యాగము వలన పుట్టిన అపూర్వమను శక్తి యని మీమాంసకు లనిరి. ఫలదాత ఈశ్వరుడే యని బ్రహ్మసూత్రముల మూడవ యధ్యాయమున, మీమాంసాసూత్రకర్తయైన జైమిని మతమును పేరెత్తి చెప్పి మరీ, బాదరాయణుడు నిర్ణయించెను. ఈ వివాదము యాగములతోడనే చల్లారినదని తలచువారు సాఫ్ట్‌వేర్ వ్రాయువారి యొద్దకు పోయి ఒక పూట కూర్చుండవలెను.

రేపు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఈ పని చేయుమనియో, ప్రతి నెల మొదటి తేదీన దీనిని మరల చేయుమనియో వ్రాసి పెట్టినవాడు నిద్రపోవును. ఆ యాజ్ఞను స్వీకరించిన ప్రోగ్రాము సైతము తన పని ముగించుకొని మెమరీ నుండి తొలగిపోవచ్చును. మిగులునది డేటాబేసులో ఒక వరుస మాత్రమే. అపూర్వమునకు ఇంతకంటె స్పష్టమైన రూపము నేనెరుగను. కాని వరుస తనంతట తాను లేచి పని చేయదు. 1970వ దశకమున బెల్ ప్రయోగశాలలో యునిక్స్‌తో పాటు పెరిగిన క్రాన్ అను చిన్న ప్రోగ్రాము నిమిషమున కొకమారు మేల్కొని, నిమిషము, గంట, తేదీ, నెల, వారము అను ఐదు గడుల పట్టికను చూచి, వేళ కుదిరిన పనిని నడిపించి మరల నిద్రించును. దాని నడత కొంత విచిత్రము: తేదీని, వారమును రెంటిని పేర్కొన్నచో రెండును కలిసిన దినముకొరకు వేచియుండక, ఏ యొక్కటి కుదిరినను పని సాగించును. అట్టి బుద్ధి గల పురోహితుని శనిత్రయోదశికి రమ్మన్నచో ప్రతి శనివారమును, ప్రతి త్రయోదశిని వచ్చి వాకిట నిలుచును.

కాలము వచ్చినంతనే చేయవలసిన నిత్యకర్మమును, నిమిత్తము తటస్థించినపుడు చేయవలసిన నైమిత్తికమును శాస్త్రకారులు వేరుపరచిరి. సంధ్యావందనము మొదటిది, గ్రహణస్నానము రెండవది. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలలో, ఆత్మకూరు ఉదయగిరి ప్రాంతముల బోరు మోటారులకు తగిలించెడి ఆటోస్టార్టరు శుద్ధ నైమిత్తికము: దానికి గడియారముతో పనిలేదు, త్రీఫేజు కరెంటు వచ్చుటయే నిమిత్తము, రైతు ఇంట నిద్రించుచున్నను మోటారు తిరుగును. అయితే ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటారులన్నియు ఆ యొక్క క్షణముననే లేచినచో ఆ భారమునకు తాళలేక అది కాలిపోవచ్చును గనుక, ఒక్కొక్క దానికి కొన్ని సెకనుల జాప్యము వేరువేరుగా అమర్చుట వివేకము. సర్వర్లు నడుపువారును ఈ కారణము చేతనే పనులన్నిటిని అర్ధరాత్రి పండ్రెండింటికి కుప్పవేయక అటునిటు చెదరగొట్టుదురు. ఆలస్యమును తామసగుణమని నిందించుటకు అలవడిన మనకు, బుద్ధిపూర్వకమైన విలంబము ధర్మము కాగలదనుట కొంత వింతయే.

వేళ తప్పిన పని సంగతి మరింత క్లిష్టము. యంత్రము ఆగియున్న సమయమున దాటిపోయిన పనిని క్రాన్ మరచిపోవును. అనాక్రాన్ అనునది మేల్కొనిన పిదప ఎన్నినాళ్లు గడచినవో లెక్కించి, బాకీపడిన పనిని ఒక్కమారు చేయును. మన స్మృతులును ముఖ్యకాలము తప్పినవానికి గౌణకాలమును చూపినవి. సంధ్య వేళ మీరినచో ప్రాయశ్చిత్తార్ఘ్యము నొకటి అధికముగ నిమ్మన్నవి. కాని నిన్నటి వానసూచనను నేడు పంపినందువలన రైతునకు ఒరుగునది లేదు. మూడు నెలల పింఛను ఆగినచో మూడును చెల్లింపవలసినదే. ఏ లోపమునకు ఒక్కమారు చాలునో, దేనికి ప్రతిమారును బదులు చెల్లవలెనో గడియారమునకు తెలియదు.

వేళకు మేల్కొని చేయువాడే లేకపోయినచో విధి యేమగుననుటకు ఉదయగిరి కొండయే ఒక గొప్ప ఉదాహరణము. ప్రతాపరుద్ర గజపతి యేలుబడిలోని ఆ దుర్గమును సుమారు ఏడాదిన్నర ముట్టడి పిమ్మట 1514లో కృష్ణదేవరాయలు పట్టుకొని, అచ్చటి బాలకృష్ణమూర్తిని విజయనగరమునకు కొనిపోయి, 1515లో తాను కట్టించిన కృష్ణాలయమున ప్రతిష్ఠించి, నిత్యసేవలకు గ్రామములను సమర్పించెను. ఇట్టి దానములను ఆచంద్రార్కముగ సాగవలెనని విధించుట ఆనాటి శాసనముల సంప్రదాయము; అనగా, ముగింపుతేదీ లేని ఆవృత్తకార్యము. 1565లో నగరము పాడయ్యెను. మూర్తి నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియమున నున్నది. చంద్రుడును సూర్యుడును యథాప్రకారము వచ్చిపోవుచునే యున్నారు. నైవేద్యము మాత్రము లేదు. విధి రాతిపై చెక్కుచెదరక నిలిచియున్నను, దానిని వేళకు చదివి లేచి పని చేయువాడు లేకపోయెను.

కాబట్టి జైమిని చెప్పిన శక్తిని కాదనలేకున్నను, నేను బాదరాయణుని పక్షమునకే మొగ్గుచున్నాను. వ్రాసిన ఆజ్ఞ జడము. నిమిష నిమిషము మేల్కొను క్రాన్ సైతము తాను నడిపించునది జీతమో జరిమానాయో యెరుగని గుడ్డిది. కర్తృత్వము నియమించినవానిది, అతడు తొలగిపోవునపుడు మరియొకనికి అప్పగింపబడవలసినది. ఆ బరువు నెత్తుకొనువాడు లేని ఆచంద్రార్క శాసనమును, ఎవరు వ్రాసిరో యెవరికిని తెలియని క్రాన్ పంక్తిని నేను సమానముగనే శంకించెదను.