బిల్లు ఒకటే, చెప్పిన లెక్కలే వేరు

మా పొమేరియన్ బంటికి పన్ను తీయించిన బిల్లు 18 వేలు. ఆ అంకెను అందరికీ ఒకేలా చెప్పలేకపోయాను. ఫోన్లో అమ్మ అడిగితే "ఏదో నాలుగైదు వేలయిందిలే" అన్నాను. కుక్కను పెంచుకునే స్నేహితురాలికి మాత్రం మందుల ఖర్చు కూడా కలిపి మరీ చెప్పాను. ఇంట్లో పనిచేసే ఆమె "ఎంతయిందమ్మా?" అంటే "చాలానే అయింది" అని మాట దాటేశాను.

ఖర్చును సమర్థించుకోవడం నాకు బాగానే వచ్చు. మనిషయితే కుర్చీలో కూర్చుని నోరు తెరుస్తాడు, చిగురుకు సూది వేస్తే సరిపోతుంది. కుక్క అలా తెరిచి ఉంచదు కాబట్టి పూర్తి మత్తు ఇవ్వాలి. ఆ మత్తును కాలేయం, మూత్రపిండాలు తట్టుకుంటాయా అని ముందే రక్తపరీక్ష చేయాలి. నీళ్లూ, గీకిన గారా ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొంతులో గొట్టం పెట్టాలి. గుండె, ఆక్సిజన్ చూసుకుంటూ పక్కన ఒక మనిషి ఉండాలి. బంటికి చెడింది పైదవడలో మాంసాన్ని కోసే పెద్ద పన్ను. దానికి మూడు వేర్లు. చిగురు విప్పి, పన్నును డ్రిల్లుతో ముక్కలు చేసి, ఒక్కో వేరునూ విడిగా లాగి, కుట్లు వేయాలి. ఆ వేరు కొసన చీము పడితే వాపు కంటి కింద తేలుతుంది. మేమూ మొదట కంటి జబ్బే అనుకున్నాం. చిగురు కింద ఏముందో ఎక్స్‌రే తీస్తేగాని తెలియలేదు.

ఇదంతా నిజమే. అయితే ఇంత శ్రద్ధగా చదివింది బిల్లు చేతికొచ్చాక. బంటి నొప్పి తెలుసుకుందామని చదవలేదు, ఎవరైనా నిలదీస్తే జవాబు ఉండాలని చదివాను.

అమ్మ దగ్గర ఎందుకు దాచాను? మా ఊళ్లో గేదెకు జబ్బు చేస్తే పశువుల డాక్టర్ని పిలిపించేవాళ్లు. గేదె పాలిస్తుంది, ఖర్చుకు ఎదురుగా రాబడి కనిపిస్తుంది. "కుక్కకి పళ్లు చూపించడమేమిటే?" అని అమ్మ అంటుందని భయపడ్డాననుకున్నాను. కానీ ఆ లెక్క నాలోనూ ఉంది. డాక్టరు అంచనా చెప్పగానే నాకు తట్టింది బంటి వయసు. తొమ్మిదేళ్లు నిండాయి, ఇంకెన్నేళ్లుంటుంది? ఆ మిగిలిన ఏళ్లతో 18 వేలను మనసులో భాగించాను కూడా.

స్నేహితురాలి దగ్గర అదే అంకె గొప్ప అయిపోయింది. ఎంత పెడితే అంత ప్రేమ ఉన్నట్టు! నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉందని నాకు తెలుసు. ఈ పని అక్కడ చేస్తారా, ఎంతవుతుంది అని ఒక్క ఫోను చేయలేదు. బంటికి మంచి వైద్యం కావాలని చెప్పుకున్నాను. ఏసీ గది, కారు పెట్టుకునే చోటు మాత్రం నాకు కావలసినవే.

పనామె దగ్గర మాట దాటేయడమే అన్నిటికన్నా గుచ్చుతోంది. ఆమె మా ఇంట్లో ఎన్ని నెలలు గిన్నెలు తోమితే 18 వేలు అవుతాయో నాకు బాగా తెలుసు. ఆ జీతం నిర్ణయించింది నేనే. మొన్నామధ్య ఐదొందలు పెంచమని అడిగితే "చూద్దాంలే" అన్నాను. డాక్టరు అంచనాకు మాత్రం, భాగహారం చేసి కూడా, అదే పూట తలూపాను. కుక్క మీద అంత పెట్టారా అని ఆమె అనుకుంటుందేమోనన్నది ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణం. ఆమె అలాంటి మాట ఎన్నడూ అనలేదు. బంటి మూతి వాచినప్పుడు అన్నం మెత్తగా పిసికి పెట్టింది కూడా ఆమే.

పన్ను తీయించడం తప్పని నాకిప్పటికీ అనిపించడం లేదు, మళ్లీ అవసరమైతే తీయిస్తాను. నేను ఆమె ముందు దాచాలనుకున్నది నెలనెలా ఆమె చేతిలో పెట్టే జీతం. బిల్లు దాని పక్కన నిలబడేసరికి అది ఎంత తక్కువో బయటపడుతుంది. జీతం పెంచినంత మాత్రాన నా మనసు తేలికపడాలని లేదు. పెంచకుండా ఇదంతా రాసుకుని ఊరుకుంటే మాత్రం, మత్తూ ఎక్స్‌రే గురించి చెప్పుకున్న జవాబుల్లాగే ఇదీ నా సమర్థింపుల్లో ఒకటి అవుతుంది.