బీమా వెలలో న్యాయము

చందర్లపాడునుండి నందిగామకు పోవు బాటపై, మిరపబస్తాల ట్రాక్టరు వెనుక నెమ్మదిగ కారు నడుపుకొనుచు పోవు రైతు నొకని తలచుకొనుడు. అదే వేళ నందిగామమీదుగ హైదరాబాదు–విజయవాడ రహదారిపై వాయువేగమున సాగు పట్టణవాసి నొకని తలచుకొనుడు. కార్లు రెండును ఒకే రకమువి, ఒకే యేటివి. బీమా సంస్థ యీ యిరువురినుండి సమానమైన ప్రీమియము గొనుట న్యాయమా, భేదము చూపుట న్యాయమా?

సమత్వమే న్యాయమని తొందరపడి పలుకుదుము. కాని జాగరూకుని సొమ్ముతో అజాగరూకుని నష్టమును పూడ్చుట ధర్మమెట్లగును? రేపటి ప్రమాదమును చూడగల కన్ను మానవునకు లేదు. కావున బీమాగణకులు అతనివంటివారు వేలమంది గడచిన యేండ్లలో కలిగించిన నష్టమును లెక్కించి, ఆ పాలు అతనికి పంచుదురు. స్వంతబండి నష్టమునకు 2007 వరకు విధిగ నడచిన పట్టికలో హైదరాబాదువంటి మహానగరములు కొన్ని ఒక మండలము, తక్కిన దేశమంతయు వేరొక మండలము. చందర్లపాడు రెండవదానిలోనిది, అందు వెల తక్కువ.

లెక్కలో తప్పు లేకపోవచ్చును. అంతమాత్రమున న్యాయమని యొప్పుకొనజాలము. ఆంగ్లేయుల యేలుబడిలో బీమా కంపెనీలు భారతీయుల ప్రాణములకు అధిక ప్రీమియము గొనుచుండెను. 1870లో స్థాపితమైన బొంబాయి మ్యూచువల్ సంస్థ సాధారణపు రేటుకే వారిని చేర్చుకొనెను. స్వతంత్రులమైన పిదపను జీవితబీమా సంస్థవారి పథకమొకటి ప్రభుత్వపు కొలువులోనివారికిని, పేరుగల సంస్థల యుద్యోగులకును మాత్రమే లభించెడిది. నెలజీతమెరుగని రైతునకు ఆ తలుపు మూసియుండెను. 1995లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసెను.

ఐరోపాలో ఈ ప్రశ్న కారు బీమాకే వచ్చెను. యువతులు తక్కువ ప్రమాదములు చేయుదురని వారికి తక్కువ వెల కట్టుట అచ్చటి వాడుక. స్త్రీపురుషభేదమునుబట్టి వెల కట్టరాదని 2011లో ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2012 డిసెంబరు 21నుండి అది అమలయ్యెను. స్త్రీలకు లాభమైన భేదమే తొలగెను గదా యని సంస్కరణప్రియులు కొందరు చిన్నబుచ్చుకొనవచ్చును. నేను చిన్నబుచ్చుకొనను. తోడి యువకులు తెగించి నడిపిరని మెల్లగ నడుపువానికి దండన విధించుట, కులమునుబట్టి గుణమెంచు మన పాతబుద్ధికి దగ్గరి చుట్టమే.

మనిషి దిద్దుకొనగల నడవడికి వెల కట్టుట వేరు. ఒక యేడు పరిహారము కోరనివానికి స్వంతనష్టపు ప్రీమియములో నూటికి 20, అయిదేండ్లు కోరనివానికి 50 తగ్గించు పద్ధతి మనకు కలదు. (చిన్న సొట్టను తన డబ్బుతో సరిచేయించుకొని యూరకుండువాడును అందు జాగరూకుడుగనే యెంచబడును, అది యటుండనిండు.) వింత యేమన, ఈ తగ్గింపు తన యినుమును కాచుకొను బీమాకే. దారినపోవు పరునికి కలుగు హానికై 1988 చట్టము తప్పనిసరి చేసిన బీమాకు అది వర్తింపదు. 2022 జూనునుండి అమలులోనికి వచ్చిన పట్టికలో స్వంతకారు ఇంజను 1000 సి.సి. మించనిచో 2,094 రూపాయలు, 1500 వరకు 3,416, ఆపైన 7,897. యంత్రమెంతటిదని యడిగిరి గాని నడుపువాడెట్టివాడని యడుగలేదు.

అందరును తప్పక కట్టవలసినది గావున వెల సరళముగ నుండవలెనను వాదమును నేను త్రోసివేయను; బీమా లేని కారు గ్రుద్దినచో పరిహారమునకై తిరుగవలసినవాడు దారినపోవువాడే. అయినను పదియేండ్లు ఎవ్వరిని గీరక నడిపిన చందర్లపాటి రైతును, ఏటేట నొకరిని పడగొట్టు ఆ రహదారివాడును, ఆ పట్టికలో ఒకే వరుసయందు నిలిచిరి.